తిరుగుడు పుస్తకము

ధవళేశ్వరము ఆనకట్ట విడిచిన గోదావరి నీరు కాలువలగుండ మా కడియపు పొలిమేరలను తడుపుచు తూర్పునకు సాగిపోవునట్లే, తుని నుండియు, అనకాపల్లి నుండియు, నరసాపురము నుండియు, కోనసీమ లంకల నుండియు, ఒకప్పుడు కార్డులుగాను, ఒకప్పుడు ఇన్‌లాండు కవరులుగాను, మరియొకప్పుడు గ్లాస్కో గుడ్డలో కుట్టి లక్కముద్ర వేసిన కట్టలుగాను బయలుదేరిన మొక్కల వార్తలన్నియు మా పెదనాన్నగారి వీథి అరుగుమీదికి వచ్చి చేరెడి కాలమొకటి యుండెను. ఆయన కన్నులకు శుక్లములు ముదిరినవి. కనుక ఆ వార్తలను బిగ్గరగా చదివి వినిపించు భారము ఎనిమిదేండ్ల నా గొంతుపైన బడినది. దీర్ఘవార్తను గూర్చి నాకు తెలిసిన మర్యాదలన్నియు నేను పుస్తకములలో నేర్చినవి కావు. కాలువగట్టున తోడిపిల్లలు ఈతలాడుచుండగా, అరుగుమీద బాసింపట్టు వేసికొని కూర్చుండి, పదునాలుగు పుటల ఎరువుల వర్ణనమును ఎండిన నాలుకతో చదివి నేర్చినవి.

నేటి కడియమును చూచినవారికి నాటి కడియమును ఊహించుట కష్టము. ఇప్పుడు కడియపులంక, బుర్రిలంక, కడియపుసావరము, వేమగిరి, పొట్టిలంక యన్నది లేకుండ జాతీయ రహదారికి ఇరుప్రక్కల నర్సరీలే. లారీలకెక్కి హైదరాబాదునకును ఉత్తరదేశమునకును పోవు మొక్కలే. కూలికి వచ్చిన ఆడువారి చేతిలోని అంటుకత్తి సైతము క్షణమాగదు. మా బాల్యమున ఇంతటి వర్తకము లేదు. అయినను మొక్కను అమ్ముకొని బ్రతుకువారు కొందరును, మొక్కను పెంచి డబ్బు పోగొట్టుకొనువారు కొందరును ఊరిలో నుండిరి. రెండవ తెగవారికి లోకము పెట్టిన పేరు ‘మొక్కల పిచ్చివారు’. తాలూకా కచేరిలో గుమాస్తాగిరి చేసి విశ్రమించిన మా పెదనాన్నగారు ఈ రెండవ తెగకు చెందినవారు. ఆయనకు క్రోటన్లు ప్రాణము, గులాబి బహిఃప్రాణము, మా పెద్దమ్మ మూడవది.

పిచ్చివానికి పిచ్చివాడే చుట్టము. తునిలో ఒక మేష్టారు అంటు మామిళ్లలో మునిగియుండెడివారు. కొత్తపల్లి కొబ్బరికిని పండూరివారి మామిడికిని టెంక రూపులోనే భేదము చెప్పగల దిట్ట. అనకాపల్లిలో ఒక డాక్టరుగారు రాత్రిపూట పూచు జాతులను పెంచెడివారు. నరసాపురములో ఒక ప్లీడరుగారు గులాబి తప్ప తక్కినదంతయు గడ్డియని వాదించెడివారు. కోనసీమలోని ఒక లంక గ్రామమున కరణముగారుండిరి. ఆయనకు ఫలానా మొక్కయని లేదు, నాటినది దేనినైనను లెక్క వ్రాయుటయే ఆయన వినోదము. ఈ ఐదుగురును ఒకచోట కలిసికొన్నది, నాకు తెలిసి, రెండేసార్లు. తక్కిన స్నేహమంతయు తపాలా పెట్టిన భిక్షయే.

1879లో కాలణా ధరకు పుట్టిన పోస్టుకార్డు కుశలప్రశ్నకు చాలును, పిచ్చికి చాలదు. 1950 అక్టోబరులో వచ్చిన ఇన్‌లాండు కవరునకు మూడు మడతలు గలవుగాని, నాల్గవ మడత యుండిన బాగుండునని ప్రతి పిచ్చివానికిని తోచుచునే యుండును. అదియునుగాక, ఒక గాలి అంటు వేళ్లు తొడిగిన కథను నలుగురికి నాలుగు ఉత్తరములుగా వ్రాయుట ఎంత శ్రమ! అందుచేత 1962లో మేష్టారు ఒక ఉపాయము పన్నిరి. కాలికో అట్టగల ఎఱ్ఱని చిట్టా పుస్తకమొకటి కొని, తమ సంగతి తాము వ్రాసి, అనకాపల్లికి పంపిరి. డాక్టరుగారు తమది వ్రాసి మా పెదనాన్నగారికి పంపవలెను, ఇచ్చటినుండి నరసాపురమునకు, అచ్చటినుండి లంకకు, లంకనుండి మరల తునికి. ఒక్కొక్కరియొద్ద పది దినములకు మించి నిలువరాదు. దీనికి వారు పెట్టుకొన్న పేరు ‘తిరుగుడు పుస్తకము’.

నియమములను ముందుగా కూర్చుండి ఎవ్వరును వ్రాయలేదు. ఒక్కొక్క నగుబాటు ఒక్కొక్క నియమమును కనిపోయినది. మొదటిది బేరింగు. చేతివ్రాత పుస్తకమును అచ్చు పుస్తకమువలె బుక్‌పోస్టున పంపిన మేష్టారి అమాయకత్వమునకు డాక్టరుగారు తగ్గిన రుసుమునకు రెట్టింపు చెల్లించుకొని, ‘నీ మామిడి కథను విలువకు మించిన ధరకు కొన్నాను’ అని మొదటి పుటలోనే వ్రాసిరి. అప్పటినుండి పుస్తకము రిజిస్టరు పార్సెలుగానే తిరిగినది. వినిపించువానిదే ఖర్చు, వినువానిది కాదు అను న్యాయము ఆ విధముగ స్థిరపడినది.

రెండవ నియమము నా గొంతును రక్షించినది. మొదట కొన్ని నెలలు ప్రతివారును తమ సంగతికి ముందు ‘మహారాజరాజశ్రీ’ మొదలుకొని ‘ఉభయకుశలోపరి’ వరకు మిగిలిన నలుగురికిని వేర్వేరుగా మర్యాదలు వ్రాసెడివారు. తక్కువ వ్రాసిన తక్కువ చేసినట్లని భయము. అరపుట మర్యాద చదువుసరికి నాకు ఊపిరి తీరెడిది. ఒకనాడు నేను ‘ఈ మహారాజులను వదిలి మొక్కల దగ్గరకు పోదామా పెదనాన్నా’ అని అడిగితిని. ఆయన నవ్వి, ఆ మాటనే నా పేరుతో పుస్తకమున వ్రాయించిరి. మరుసటి చుట్టునుండి మహారాజులందరును మాయమై, పైన ‘శ్రీ’ యును, తేదీయును, ఊరి పేరును మాత్రమే మిగిలినవి. నా జీవితమున నేను చేయించిన శాసనమిదొక్కటే.

కుడి పుట వ్రాసినవానిది, ఎడమ పుట అందరిది. ఆనాటి పత్రికలు రచయితలను ‘కాగితమునకు ఒక ప్రక్కనే వ్రాయవలెను’ అని కోరెడి ఆచారము నుండి మేష్టారు దీనిని తెచ్చిరి. ఎడమ పుటలో ఎవరైనను పెన్సిలుతో తమ మాట వ్రాయవచ్చును. కాని ఎదుటి పుటలోని సంగతిని గూర్చియే వ్రాయవలెను. ఇది మిక్కిలి కఠినమైన నియమము. ఏలయన పిచ్చివాని సహజగుణము, ఎదుటివాడు తన క్రోటను ఆకుపై పసుపు చారలు పడినవని చెప్పగానే, ‘మాయింట ఇంతకంటె’ అని ఆరంభించుట. ఆ రెండు మాటలను డాక్టరుగారు ‘మాయింటి రోగము’ అనెడివారు. ఎవరైనను ఎడమ పుటలో ఆ రోగమునకు లోనైనచో తరువాతివారు దానిక్రింద ఒక చిన్న మాత్ర బొమ్మ వేసి విడిచెడివారు. కోపతాపములు లేవు, వాదములు లేవు. మాత్ర చూచినవాడు తన కథను తన వంతు వచ్చువరకు దాచుకొనెడివాడు. నా వరకు, మర్యాదను బోధించుటకు ఇంతకంటె మర్యాదయైన ఉపాయమును నేను చూడలేదు.

తంతి సంగతి చెప్పక తప్పదు. డాక్టరుగారి పెరటిలో మనవారు బ్రహ్మకమలమని పిలుచు మొక్క యుండెను. నిజమైన బ్రహ్మకమలము హిమాలయములలోనిది. మన ఇండ్లలో ఆ పేరుతో చెలామణియగునది మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన ముండ్లు లేని జెముడు. ఆకువలె కనబడు కాడ అంచున మొగ్గ వ్రేలాడి, విచ్చు దినమున మెడ పైకెత్తి, చీకటిపడిన పిదప తెరచుకొని, తెల్లవారుసరికి తడిగుడ్డవలె వాలిపోవును. అట్టిదానికి ఉత్తరమెట్లు సరిపోవును? ఒక యేట పదునేడు మొగ్గలు ఒక్కసారి మెడలెత్తగా డాక్టరుగారు ఉండబట్టలేక మా పెదనాన్నగారికి ఉదయమే తంతి కొట్టించిరి: ‘పదునేడు. నేటి రాత్రి. వెంటనే బయలుదేరుడు.’

పెదనాన్నగారు ఇంట లేరు. మా పెద్దమ్మ పుట్టినిల్లు అనకాపల్లి. తంతి వచ్చినదనగానే ఇంటిలో పొయ్యి ఆరినది. ఇంగ్లీషు చదువగల పొరుగింటి కుఱ్ఱవాడు ‘పదిహేడు అని ఉందండి పిన్నిగారూ’ అనగానే ఆమె కుప్పకూలినది. ఆమె మేనల్లునికి సరిగా పదునేడేండ్లు. వీథి వీథియంతయు మా అరుగు ముందర చేరినది. ఒకరు బండి కట్టించిరి. ఇంకొకరు కడియము స్టేషనులో ఏ పాసింజరు నిలుచునో కనుగొనుటకు పరుగెత్తిరి. నడిమధ్యాహ్నమునకు ఇల్లు చేరిన పెదనాన్నగారు ఆ కాగితమును నా చేత చదివించుకొని, మొదట ఆనందముతో ‘పదిహేడే!’ అని కేకవేసి, పిమ్మట చుట్టునున్నవారి ముఖములు చూచి, తాను ఆనందింపవలసిన సమయమిది కాదని గ్రహించిరి. నిజము తెలిసిన పిమ్మట మా పెద్దమ్మ పలికినదొక్కటే: ‘ఆ పువ్వు నా గడప తొక్కితే నేను గడప దాటుతాను.’ మా ఇంట నేటివరకు బ్రహ్మకమలము లేదు. తిరుగుడు పుస్తకమున డాక్టరుగారే స్వహస్తముతో వ్రాసిరి: తంతి మనుష్యులకే, మొక్కలకు కాదు, వేగమైన వార్తకును ముఖ్యమైన వార్తకును భేదము కలదు. 2013 జులైలో తంతి వ్యవస్థయే ముగిసినదని పత్రికలలో చదివినప్పుడు నాకు మొదట గుర్తువచ్చినది పదునేడు పువ్వులు.

ఇక నీల గులాబి. ఇది 1967 నాటి మాట యనుకొందును. నరసాపురము ప్లీడరుగారినుండి ఒక కార్డు వచ్చినది: ‘నీల గులాబి పూచినది. వివరములు పుస్తకమున.’ కార్డు తెరచిన ఇల్లు. మా పోస్టుమాను మాకంటె ముందే దానిలో కాలుపెట్టెను. ఆయన మా గుమ్మము చేరుసరికి సగము ఊరికి సంగతి తెలిసినది. ‘ఆయ్, నీలం గులాబీ అంటండి, మనకీ ఓ కొమ్మ తెప్పిస్తారా అండి’ అని ఆయనయే మొదటి గిరాకి. నర్సరీలవారు సైతము రెండుమూడుసార్లు వచ్చి అరుగుమీద కూర్చుండి పోయిరి. మూడు వారములకు పుస్తకము వచ్చినది. ఆనాడు అరుగుమీద ఇరువదిమంది యుండిరేమో. నేను గొంతు సవరించుకొని ఆరంభించితిని.

మొదటి రెండు పుటలు గోదావరి ఒండ్రుమట్టి. తరువాతి మూడు పుటలు ఆకుల ఎరువు మాగిన తీరు. ఆపైన ఎడ్వర్డు గులాబి మోడుపైన కన్ను అంటు కట్టిన ముహూర్తము, కట్టిన చేతి నైపుణ్యము, ఆశ్వయుజ మాసపు కత్తిరింపులు, పేనుబంకపైన జరిపిన యుద్ధము. ఎనిమిదవ పుటలో మొగ్గ కనబడినది. పదవ పుటలో మొగ్గ లావెక్కినది. వినువారిలో కొందరు లేచిపోయిరి, కొందరు కునికిరి. పండ్రెండవ పుట చివర ఈ వాక్యము వచ్చినది: ‘పూర్తిగా విచ్చిన పిమ్మట వర్ణము లేత వంగపూవు ఛాయగా నుండెను.’ పోస్టుమాను లేచి, చెప్పులు తొడుగుకొని, ‘వంకాయ పువ్వు మా దొడ్లోనే ఉందండి’ అని వెడలిపోయెను.

తప్పు ప్లీడరుగారిది కాదు, గులాబిది. ఆ జాతి పేరు ‘బ్లూ మూన్’, జర్మనీలో టాన్‌టావ్ అనువారు 1964లో విడుదల చేసినది. పేరున నీలము గలదుగాని గులాబి దేహమునందు నీలవర్ణమును పుట్టించు ద్రవ్యమే లేదు. అందువలన లోకమునందలి నీల గులాబులన్నియు వంగపూవు దగ్గరనే ఆగును. జపానులోని సంతోరి సంస్థ అన్యజాతి పుష్పమునుండి ఆ ద్రవ్యము తాలూకు జన్యువును చొప్పించి 2009లో అంగడికి తెచ్చిన గులాబి సైతము చూడగా వంగపూవు ఛాయయే. కాని మా పెదనాన్నగారి కోపము రంగుపైన కాదు. ఆనాడే ఎఱ్ఱసిరా తెప్పించి, ఆ పదునాలుగు పుటల పైభాగమున నా చేత ఇట్లు వ్రాయించిరి: ‘వంగపూవు రంగు గులాబి పూచినది. తక్కినది తీరిక గలవారు చదువుకొనవచ్చును.’ దానిక్రింద అడ్డముగా ఒక గీత.

ఆ గీతయే మా తిరుగుడు పుస్తకమునకు మకుటమైనది. నాటినుండి ప్రతివారును గీతకు పైన రెండు మూడు పంక్తులలో జరిగినదేదో చెప్పవలెను: బ్రతికినదా, చచ్చినదా, పూచినదా, ఏ రంగు. గీతకు దిగువ ఎన్ని పుటలైనను వ్రాసికొనవచ్చును. అది వ్రాయువాని సుఖము. చదువువాడు గీతయొద్ద ఆగినను అది అపరాధము కాదు, ఆగినందులకు ఎవ్వరును నొచ్చుకొనరాదు. చిత్రమేమనగా, ఆగుటకు అనుమతి దొరికిన పిమ్మటనే జనులు గీత దాటి చదువసాగిరి. నేనును అంతే. గీతవరకు చదివి పరుగెత్తవలెనని కాచుకొన్నవాడను, కరణముగారి వ్రాతవచ్చినప్పుడు మాత్రము తుదివరకు చదివెడివాడను.

కరణముగారి సంగతి వేరు. మిగిలినవారు పూచినదానిని వ్రాసిరి. ఆయన చచ్చినదానిని వ్రాసిరి. ఫసలీ సంవత్సరము ముగిసిన జూను నెల దాటగానే ఆయన జమాబందీ జరిపినట్లు మృతుల పట్టిక యొకటి తయారుచేసి పుస్తకమున చేర్చెడివారు: మొక్క పేరు, ఎవరిచ్చినది, నాటిన తేదీ, పోయిన తేదీ, కారణము. కారణముల గడిలో ‘అతివృష్టి’, ‘కాలువలు కట్టివేత’, ‘చెద’ యని యుండెడివి. అప్పుడప్పుడు ‘నా అశ్రద్ధ’ అనియు, ఒకసారి ‘మేక’ అనియు నుండెను. ఇచ్చినవారి పేరు వ్రాయుట మొదట కొందరికి కష్టమైనది. ప్లీడరుగారు తామిచ్చిన నాలుగు గులాబులును ఒకే పట్టికలో కనబడుటను అవమానముగా తలచి రెండు చుట్లు మౌనము వహించిరి. కాని క్రమముగా అందరును అదే పట్టికను ముందుగా వెదకుట నేను చూచితిని. నరసాపురము ఉప్పుగాలికి ఏది నిలువదో, మా రేగడి నేలలలో ఏది కుళ్లునో, వందపుటల వైభవవర్ణనములకంటె ఆ పట్టికయే తెలిపినది. అప్పుడు డాక్టరుగారు అడుగగా అది అందరికిని విధియైనది: పదిపుటలు పూచిన పువ్వుకు వ్రాసినవాడు ఒక్క పంక్తియైనను ఎండిన కొమ్మకు వ్రాయవలెను.

అచ్చుపుస్తకములనుండి ఎత్తివ్రాయుట నిషేధము. ఇది 1966లో బి. పి. పాల్ గారి గులాబుల గ్రంథము వెలువడిన పిమ్మట వచ్చిన చిక్కు. గోధుమ వంగడముల శాస్త్రవేత్తగా దేశమెఱిగిన ఆయన గులాబులను సృష్టించుటలోను ఘనుడు. ఆ గ్రంథము ప్లీడరుగారికి వేదమైనది. వేదమునుండి తొమ్మిది పుటలు తెలుగుచేసి పుస్తకమున నింపిరి. మేష్టారు ఎడమ పుటలో పెన్సిలుతో వ్రాసినది నాకు నేటికిని గుర్తు: పుట సంఖ్య చెప్పిన చాలును, పుస్తకము మేము తెప్పించుకొందుము, మీ పెరటిలో ఏమి జరిగినదో ఏ పుస్తకమునను దొరకదు, అది వ్రాయుడు. ధరల మాటయు నిషేధమే. ఆరవవానిగా చేరగోరిన ఒక పెద్దమనిషి తొలివిడతలోనే ‘మొక్క ఒక్కింటికి’ అని పట్టిక వ్రాసి పంపిరి. ఎవ్వరును ఏమియు అనలేదు. పుస్తకము మరల ఆ దారిన పోలేదు, అంతే.

కొమ్మలును పుస్తకముతో పాటు ప్రయాణము చేసెడివి. తడిపిన కొబ్బరిపీచు చుట్టి, అరటిదొప్పలో పెట్టి, పురికొసతో కట్టిన క్రోటను కొమ్మలు వేరు కట్టగా వచ్చెడివి. శ్రావణమాసపు ముసురులో వచ్చినవి బ్రతుకును, వేసవిలో వచ్చినవి కరణముగారి పట్టికకెక్కును. కొమ్మ పంపినవానికి దాని క్షేమము తెలుపుట వార్తకు మించిన ఋణమని పెదనాన్నగారి మతము. పోయినదని తెలుపుటకు సిగ్గుపడి ఊరకుండువారిని ఆయన క్షమింపలేదు. ఆ విషయమున ఆయన కొంత కఠినులేయని ఇప్పుడు తోచును.

మొదటి రెండు పుస్తకములు నిండినవి. రెండును మా ఇంటనే యున్నవి. మూడవది 1972 చివరి నెలలలో తునినుండి అనకాపల్లికి బయలుదేరినది. అవి జై ఆంధ్ర ఉద్యమపు దినములు. రైళ్లు ఎక్కడికక్కడ ఆగుచుండెను, కచేరీలు మూతపడియుండెను. పుస్తకము అనకాపల్లి చేరలేదు. ఆ యేటి ఆగస్టు 15ననే పిన్‌కోడు వచ్చినది. పేరు ప్రక్కన ఖైదీకి వేసినట్లు అంకెలు వేయుట మర్యాద కాదని మేష్టారు దానిని వ్రాయలేదు. అందుచేతనే పోయినదని డాక్టరుగారు, కాదని మేష్టారు కొన్నేండ్లు వాదించుకొనిరి. నాల్గవ పుస్తకము కొనుటకు ఎవరికిని మనసొప్పలేదు. కార్డులు మాత్రము నడచినవి. వాటిమీద సైతము రెండవ పంక్తి క్రింద గీత యుండెడిది. ప్లీడరుగారు పోయిరి. డాక్టరుగారు కుమారునితో విశాఖపట్టణము వెడలిరి.

1986 ఆగస్టులో గోదావరి పొంగినది. భద్రాచలమునొద్ద నీరు డెబ్బదియైదు అడుగులు దాటినది. కోనసీమలో గట్లు తెగినవి. అప్పటికి కరణీకములు రద్దయి రెండేండ్లయినను మాకు లంకలోని ఆయన కరణముగారే. పెదనాన్నగారికి ఎనుబదియేండ్లు, రోజును పోస్టుమాను వచ్చు వేళకు అరుగుమీద కూర్చుండెడివారు. సెలవుపైన వచ్చిన నేను ప్రక్కన నుండగా, రెండు వారములకు, మూలలు నానిన కార్డొకటి వచ్చినది. చదివితిని. ‘అందరము క్షేమము. తోట పోయినది.’ క్రింద గీత. గీతకు దిగువ ఏమియు లేదు. పెదనాన్నగారు ‘ఇంకా చదవరా’ అనిరి. ‘అంతే, పెదనాన్నా’ అంటిని. ఆయన ఆ కార్డును నా చేతినుండి తీసికొని, తాను చదువలేనని తెలిసియు, చాలసేపు ముఖమునకు దగ్గరగా పట్టుకొనిరి.

మూడవ పుస్తకపు పార్సెలు రసీదును తరువాత మేష్టారు ఇచ్చటికి పంపిరి. అది నాయొద్ద కలదు. తునికిని అనకాపల్లికిని నడుమ ఏ అటుకమీదనైనను, ఏ పాతకాగితముల మూటలోనైనను, ఎఱ్ఱని కాలికో అట్టగల చిట్టా పుస్తకము, కుడి పుటలలో సిరాయు ఎడమ పుటలలో పెన్సిలును గలది, ఎవరికైనను దొరకినచో, కడియమునకు ఒక కార్డు వ్రాయ ప్రార్థన. దొరకినదను మాట మాత్రము మొదటి పంక్తిలోనే వ్రాయుడు.